ముప్ఫై బై నలభై సెంటీమీటర్ల మాతృప్రేమ

తల్లిప్రేమకి కొలత లేదని లోకం ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చింది. ఎంత పొరపాటు! కొలత ఉంది. ముప్ఫై సెంటీమీటర్ల ఎత్తు, నలభై సెంటీమీటర్ల వెడల్పు, లోపల అస్తరు, పైన రెండు పిడులు. పిడి పొడవైతే సంచి నేలకి రాసుకుంటుంది. పొట్టిదైతే ప్రేమ తక్కువైనట్టు లెక్క.

ఇంత గొప్ప సంగతి కనిపెట్టింది ఏ శాస్త్రవేత్తో కాదు. తకామత్సు ఊళ్ళో మా బజారు చివర ఉన్న కిండర్‌గార్టెన్. పేరు మాత్రం చెప్పను. ఏటా ఫిబ్రవరిలో నాకు పని కావాలి కదా!

ఫిబ్రవరిలో, కొత్తగా చేరబోయే పిల్లల తల్లులని పిలిచి ఒక కాగితం చేతిలో పెడతారు. పుస్తకాల సంచి, బూట్ల సంచి, గ్లాసు సంచి, బట్టల సంచి, భూకంపం వస్తే నెత్తిన వేసుకునే మెత్తటి టోపీకి తొడుగు. అన్నీ గుడ్డతో, అన్నీ ఇంట్లో, అన్నీ అమ్మ చేత్తో. కొన్నవి తీసుకోబడవు అని కింద గీత గీసి మరీ రాస్తారు.

సంచి కుడితే అయిపోయిందా? దాని మీద బిడ్డ గుర్తుగా ఫెల్ట్ గుడ్డ బొమ్మ కుట్టాలి. చదవడం రాని పిల్లలు ఆ బొమ్మని చూసే తమ సంచి పోల్చుకుంటారు మరి. బొమ్మ అంటే అల్లాటప్పా బొమ్మ కాదు. కళ్ళూ బుగ్గలూ లేని వస్తువేదీ మా దేశంలో సంచి ఎక్కడానికి పనికిరాదు. ముల్లంగికి కళ్ళుండాలి. మేఘానికి నవ్వుండాలి. బుల్లెట్ ట్రైనుకి గులాబీరంగు బుగ్గలుండాలి. కిందటేడు ఒకావిడ టొయోటా కారుకి సిగ్గు పెట్టమని అడిగింది. పెట్టాను.

దీన్ని పీడ అనే వాళ్ళున్నారు. అయ్యా, ఒక్క క్షణం ఆలోచించండి. ఈ కాగితమే లేకపోతే ఏమవుతుంది? తల్లి ఉద్యోగం చేసి ఇంటికొస్తుంది. వంట చేస్తుంది, బిడ్డకి నీళ్ళు పోస్తుంది, బట్టలు ఆరేస్తుంది, రేపటి బెంతో డబ్బాలోకి గుడ్డు చుడుతుంది. ఆ తర్వాత? నిద్రపోతుంది! కంటినిండా! దేశం ఏమైపోవాలి?

ఇక నన్ను నేను పరిచయం చేసుకుంటాను. పేరు కురమోచి తెయిజో. వయసు డెబ్బై ఒకటి. నలభై మూడేళ్ళు మగవాళ్ళ సూట్లు కుట్టిన దర్జీని. మేయర్లకి కుట్టాను, బ్యాంకు మేనేజర్లకి కుట్టాను. నేను కుట్టిన గుండీ కాజా చూసి ఒసాకా దర్జీ ఒకడు దండం పెట్టాడు. ఇప్పుడు సూట్లు ఎవరికి కావాలి? ఏటా ఫిబ్రవరి నుంచి మార్చి దాకా నేను ఈ ఊరి ఇరవై ఇద్దరు తల్లుల ప్రేమని.

ఆశ్చర్యపోకండి. ముందే చెప్పానుగా, అమ్మ చేత్తో కుట్టాలని కాగితంలో ఉంది. ఆ అమ్మ చెయ్యి నాదే. మగచెయ్యి, డెబ్బై ఒక్కేళ్ళది, చూపుడువేలు కాస్త వంకర.

తల్లులు ఎలా వస్తారనుకున్నారు? దొంగల్లా! ఏడేళ్ళ కిందట, పెద్దబ్బాయి కోసం మొదట వచ్చింది హోరియె గారు. బ్యాంకులో కౌంటరు ఉద్యోగం. మూతికి మాస్కు, కళ్ళకి నల్లద్దాలు, చంకలో కాగితంలో చుట్టిన గుడ్డ.

"తాతగారూ, చిన్న మాట. ఎవరితోనూ అనకండేం!"

"అననమ్మా."

"మా వాడి సంచి. మా క్లాసులో కుట్టలేనిదాన్ని నేనొక్కదాన్నే."

ఆవిడ వెళ్ళిన పావుగంటకి ఇంకొకావిడ. అదే మాస్కు, అదే మాట. నేనొక్కదాన్నే! సాయంత్రానికి ఆ ఒక్కళ్ళు ఏడుగురయ్యారు.

నేను కుట్టాను. నలభై మూడేళ్ళ అనుభవం కదా, గీత గీసినట్టు కుట్టాను. హోరియె గారు సంచి చూసి మొహం వేలాడేశారు.

"మరీ తిన్నగా ఉంది తాతగారూ!"

"కుట్టు తిన్నగా ఉండక?"

"ఇలా ఉంటే అమ్మ కుట్టిందని ఎవరు నమ్ముతారు? కాస్త వంకర పెట్టండి. ప్రేమగా కనిపించాలి."

చూశారా! మేయరు భుజం ఎత్తుపల్లాలు కప్పిపుచ్చిన ఈ చేతులు వంకర కుట్టు నేర్చుకోవలసి వచ్చింది. అది తేలికనుకున్నారా? తిన్నగా కుట్టడానికి నాకు మూడేళ్ళు పట్టింది, వంకరగా కుట్టడానికి ఆరు. ఇప్పుడు నా దగ్గర మూడు రకాలున్నాయి. ఒకటో రకం, చిన్నప్పుడు కుట్టుపనిలో ప్రైజు తెచ్చుకున్న అమ్మ: అక్కడక్కడా ఒక్క టాకా పక్కకి పోతుంది. రెండో రకం, ఉద్యోగం చేసే అమ్మ: మూల దగ్గర తొందర. మూడో రకం, ఇది మూడో బిడ్డ అయిన అమ్మ: దాని గురించి మాట్లాడుకోకపోవడమే మంచిది.

ప్రతి పార్సిల్‌తో ఒక బ్యాండేజీ ఫ్రీ. చూపుడువేలికి చుట్టుకుని స్కూలుకి వెళ్ళాలి. సూది గుచ్చుకోకుండా ఎవరైనా ప్రేమిస్తారా?

ఇలా అంతా సవ్యంగా సాగిపోతున్న రోజుల్లో, కిందటేడు మార్చిలో, నా కొట్లోకి ఒక పిచ్చివాడు వచ్చాడు.

పేరు నిషివాకి కోహెయ్. సిటీబస్సు డ్రైవరు. చేతులకి డ్రైవర్ల తెల్ల గ్లౌజులు, పక్కన కూతురు త్సుగుమి. మనిషి మొహానికి మాస్కు లేదు. మాటలో గుసగుస లేదు.

"తెయిజో గారూ, సూదిలో దారం ఎలా ఎక్కిస్తారో చెబుతారా?"

"మీకెందుకు ఆ శ్రమ? ఇటివ్వండి, ఎల్లుండికి కుట్టేస్తాను."

"వద్దండీ. నేనే కుడతాను."

"కాగితంలో అమ్మ చేత్తో అని ఉంది కదయ్యా!"

"వాళ్ళమ్మ సప్పోరోలో ఉంది. రెండేళ్ళు బదిలీ. చెయ్యి ఒకటి పంపించవే అంటే పార్సిల్‌లో పట్టదంది."

ఇంతలో త్సుగుమి బల్ల మీద గడ్డం ఆనించి తన షరతు చెప్పింది. సంచి మీద కుందేలు వద్దు. ఎలుగుబంటి వద్దు. ఉండపురుగు కావాలి. పూలకుండీ జరిపితే కింద కనిపిస్తుంది చూడండి, ముట్టుకోగానే గోళీలా చుట్టుకుపోయే బూడిదరంగు పురుగు, అదీ!

"కాళ్ళు పద్నాలుగు. నేను లెక్కపెట్టాను," అంది. "ఒక్కటి తగ్గినా నేను స్కూలుకి వెళ్ళను. నాన్న కుట్టకపోయినా వెళ్ళను."

ఉత్త బెదిరింపు కాదది. ఆ పిల్ల అంతకుముందు డేకేర్‌కి వెళ్ళనని గుమ్మం పట్టుకుని పదకొండు రోజులు వేలాడిందట. వేలాడిన ప్రతిరోజూ కోహెయ్ గారు డ్యూటీకి ఆలస్యమయ్యారు. బస్సు ఆలస్యమైతే మా ఊళ్ళో మనుషులు వాచీ చూడరు, నేరుగా కంపెనీకి ఫోను చేస్తారు. ఇంకొక్కసారి ఆలస్యమైతే స్టీరింగు వదిలి ఆఫీసులో కూర్చోవాలని పైవాళ్ళు చెప్పేశారు. అంటే ఆ మనిషి బస్సు నడపాలంటే ఆ పురుగుకి పద్నాలుగు కాళ్ళుండాలి. అవీ తనే కుట్టాలి.

నేర్పాను. ఏం నేర్పాను, నా ప్రాణం తోడేశాడు! మొదటిరోజు సంచిని తన ప్యాంటుకి కలిపి కుట్టేశాడు. లేచి నుంచుంటే సంచి కూడా లేచింది. రెండోరోజు ఫెల్ట్ గుడ్డని దారంతో ఎంత లాగాడంటే పురుగు కుట్టకముందే ఉండచుట్టుకుపోయింది. డ్యూటీకీ డ్యూటీకీ మధ్య అరగంట దొరికితే చాలు, వచ్చి కూర్చునేవాడు. గ్లౌజులు తీసేవాడు, "అబ్బా!" అనేవాడు, వేలు నోట్లో పెట్టుకునేవాడు, గ్లౌజులు తొడుక్కుని వెళ్ళిపోయేవాడు. త్సుగుమి నా బల్ల కింద కూర్చుని ఫెల్ట్ ముక్కలు ఏరుకుంటూ, నేను కుట్టే మిగతా సంచులకి పేర్లు పెట్టేది. సిగ్గుపడే కారు. నవ్వే మేఘం. కోపం ముల్లంగి. కోపం కాదమ్మా, కనుబొమ్మ జారిందంతే.

ఒకరోజు తండ్రీ కూతుళ్ళు ఉడోన్ నూడుల్స్ తిని వస్తామని వెళ్ళారు. పురుగు బల్లమీద ఉంది. ఏం చెప్పమంటారు! నా చేతులు ఊరుకోలేదు. ఆ కాళ్ళలో మూడింటిని విప్పి గబగబా చక్కగా కుట్టి పెట్టేశాను. ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను.

త్సుగుమి వచ్చి సంచి చూసింది. మొహం ఎర్రబడింది.

"ఈ మూడు కాళ్ళు నాన్నవి కావు!"

"ఎలా తెలుసే?"

"బాగున్నాయి. నాన్న కాళ్ళు కుంటుతాయి."

ఇంతటి దర్జీని, చెంపలు వేసుకుని నేను కుట్టిన కాళ్ళు నేనే విప్పేశాను. కోహెయ్ గారు మళ్ళీ కుట్టారు. మళ్ళీ కుంటాయి. పిల్ల చప్పట్లు కొట్టింది.

ఏప్రిల్ వచ్చింది. పిల్లలు స్కూల్లో చేరే పండుగ రోజు. బజారు సంఘం అధ్యక్షుణ్ణి కాబట్టి నన్ను అతిథుల వరసలో, ముందు కుర్చీలో, నల్లకోటు మీద రోజాపువ్వు గుచ్చి కూర్చోబెట్టారు. ఎదురుగా గోడ. గోడకి ఇరవై మూడు కొక్కేలు. కొక్కేలకి ఇరవై మూడు సంచులు. నా సంచులు నన్నే చూస్తున్నాయి!

ప్రిన్సిపాల్ అయాబె మినేకో గారు ప్రసంగం మొదలుపెట్టారు. తెల్లజుట్టు, నిటారైన మనిషి.

"ఈ సంచులు చూడండి! ఒక్కొక్క కుట్టులో ఒక్కొక్క అమ్మ మనసు. ఏ రెండు మనసులూ ఒకలా ఉండవు కదా!"

ఉండవు మరి, మూడు రకాలున్నాయి. వెనక ఇరవై ఇద్దరు తల్లులు ఇరవై రెండు బ్యాండేజీ వేళ్ళతో కళ్ళు తుడుచుకున్నారు. ప్రిన్సిపాల్ గారు ఆ వేళ్ళకి తల వంచి నమస్కరించారు. నాకైతే అంతమంది తల్లులని నేనొక్కణ్ణే కన్నట్టనిపించింది!

ఆవిడ నడుస్తూ ఇరవై మూడో కొక్కెం దగ్గర ఆగారు.

"ఈ... బంగాళాదుంప ఎవరిదండీ?"

"ఉండపురుగు!" అని అరిచింది త్సుగుమి.

ఆవిడ నవ్వారు, చాలా మర్యాదగా. సంచి దించి, డ్యూటీ దుస్తుల్లోనే వచ్చి చివర నుంచున్న కోహెయ్ గారి చేతికిచ్చారు. "పాపం, అమ్మగారికి తీరిక దొరకలేదు కాబోలు. పరవాలేదు. ఈ నెలాఖరుకి నిదానంగా మళ్ళీ కుట్టమనండి. పిల్లకి అమ్మ ప్రేమ కనిపించాలి కదా!"

కోహెయ్ గారు నడుము దాకా వంగి, తెల్ల గ్లౌజులతో సంచి అందుకున్నారు. ఆయన కళ్ళు తలుపు మీదున్నాయి. రేపు పొద్దున్న ఆ పిల్ల ఏ గుమ్మానికి వేలాడుతుందో ఆయనకి అప్పుడే కనిపిస్తోంది.

త్సుగుమి గడ్డం వణికింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వేలు చాపింది.

"నాన్న కుట్టాడు అది! మిగతావి తాత కుట్టాడు. ఇది తాత. ఇది తాత. కోపం ముల్లంగి తాత. సిగ్గు కారు తాత. అదిగో, పువ్వు పెట్టుకుని కూర్చున్న తాత!"

ఇరవై ఇద్దరు తల్లులు నేలమీద ఏదో పారేసుకున్నట్టు కిందకి చూశారు.

ప్రిన్సిపాల్ గారు తేరుకున్నారు. "పిల్లల ఊహలు ఎంత ముచ్చటగా ఉంటాయో చూడండి!" అన్నారు. అందరూ నవ్వారు. హమ్మయ్య అన్నట్టు, అవసరానికి మించి నవ్వారు. "కానీ త్సుగుమీ, లేనివి చెప్పకూడదమ్మా."

పిల్ల నావైపు తిరిగింది. "తాతా, చెప్పు!"

అయ్యా, చెప్పండి, మీరైతే ఏం చేసేవారు? నేను నోరు తెరిస్తే ఇరవై రెండు ఇళ్ళ పరువు, నా ఫిబ్రవరి, నా మార్చి, నా రోజాపువ్వు, అన్నీ గంగపాలు. తెరవకపోతే? ఆ గదిలో నిజం చెప్పింది ఒక్కర్తి, దానికి నాలుగేళ్ళు, దాన్నే అబద్ధాలకోరు చేసి ఇంటికి పంపుతాం.

లేచాను. "ప్రిన్సిపాల్ గారూ," అన్నాను, "ఈ గోడమీద వాటిలో నేను కుట్టనిది ఆ ఒక్క సంచే."

వెనకనుంచి చిన్న చప్పుడు. ఈసారి రెండోవాణ్ణి చేర్పించడానికి వచ్చిన హోరియె గారు వేలి బ్యాండేజీ పీకేస్తున్నారు.

"పాప చెప్పింది నిజమే. నాకు గుండీ కుట్టడం కూడా రాదు."

"అయ్యో, మీరు కూడానా?" అంది పక్కావిడ.

"మీరూనా?!"

"నేనొక్కదాన్నే అనుకుని నెలరోజులు తిండి తినలేదే!"

"నేను మాస్కు పెట్టుకుని వెళ్ళాను!"

"నేను మా అత్తగారి టోపీ పెట్టుకుని వెళ్ళాను!"

ఇక చూడండి ఆ గోల! బ్యాండేజీలు చరచరా ఊడిపోతున్నాయి. ఇరవై రెండు వేళ్ళు, ఒక్కదానికీ చిల్లి లేదు. ఒకరి వేలు ఒకరు చూసుకుని పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. నా కనుబొమ్మ జారిన ముల్లంగిని చూపించి, ఇది మరీ అన్యాయం తాతగారూ, అని ఒకావిడ నన్నే దెబ్బలాడింది. ఈ సందట్లో కోహెయ్ గారు గ్లౌజు తీసి సంచిని మళ్ళీ కొక్కేనికి తగిలించారు. వేళ్ళన్నీ చిల్లులే. తల్లులు ఆ వేళ్ళు చూశారు. నవ్వులు ఒక్కసారి తగ్గిపోయాయి.

మర్నాడు త్సుగుమి ఏ గుమ్మాన్నీ పట్టుకోలేదు. బస్సు టైముకి వచ్చింది.

పండుగ రోజే, అంతా అయ్యాక, అయాబె గారు నన్ను పక్కకి పిలిచారు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

"తెయిజో గారూ, ముప్ఫై ఒక్కేళ్ళ కిందట ఒక సంచి కుట్టారు. నీలం గుడ్డ. తిమింగలం బొమ్మ."

గుర్తొచ్చింది. వంకర కుట్టు నన్ను మొట్టమొదట అడిగింది హోరియె గారు కాదు. ఒక కొత్త టీచరమ్మ అడిగితే, అదేం పిచ్చి అని నవ్వి తిన్నగా కుట్టి పంపించేశాను.

"అది మా అబ్బాయిది," అన్నారావిడ. "ఇంత తిన్నగా ఉంది, ఎవరైనా పట్టేస్తారేమోనని ఏడాదంతా భయపడి చచ్చాను. మిగతా తల్లులందరూ సొంతంగా కుట్టుకున్నారు కదా అని."

"మరి ప్రిన్సిపాల్ అయ్యాక ఆ రూలు తీసేయొచ్చు కదమ్మా?"

ఆవిడ నన్ను వింతగా చూశారు. "ఎలా తీస్తాను? అందరూ కుడుతుంటే!"

అప్పటినుంచీ ఆవిడ ఆలోచించారట. పది నెలలు ఆలోచించారట. ఈ ఫిబ్రవరిలో కొత్త కాగితం వచ్చింది. ఊరంతా ఎదురుచూసిన సంస్కరణ! ఏమనుకున్నారు, రూలు తీసేశారనా? అంత తొందరపాటు మా ఊళ్ళో ఉండదు. ఇకనుంచి నాన్నలు కూడా కుట్టాలి. బిడ్డకి రెండేసి సంచులు, ఒకటి అమ్మ చేత్తో, ఒకటి నాన్న చేత్తో. పాత పిల్లలు కూడా కొత్తవి తేవాలి, ఎందుకంటే సైజు ముప్ఫైరెండు బై నలభైరెండు అయింది. ప్రేమ పెరిగింది కదా!

నేను మొదటే చెప్పలేదూ, ఇది పీడ కాదు, వరమని? ఇప్పుడు నా కొట్టు ముందు మాస్కులేసుకున్న నాన్నలు కూడా నుంచుంటున్నారు. "తాతగారూ, ఎవరితోనూ అనకండేం. నేనొక్కణ్ణే..."

"నాన్న కుట్టినట్టుండాలి," అంటున్నారు. అదెలా ఉంటుందో ఈ ఊళ్ళో చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. మూడు రకాల అమ్మలు తెలిసిన నా చేతికి అది మాత్రం పట్టుబడటం లేదు. పోనీ కోహెయ్ గారినే అడిగి నేర్చుకుందామనుకుంటుండగా, కిందటి వారం ఆయనే వచ్చారు. చేతిలో కొత్త కాగితం.

"తెయిజో గారూ, ఈ రెండూ మీరే కుట్టేయండి."

"మీరా? మీరు కుట్టించుకుంటారా?"

"అప్పుడు పిల్ల అడిగింది. కుట్టాను," అన్నారాయన గ్లౌజులు సర్దుకుంటూ. "ఇప్పుడు కాగితం అడుగుతోంది."

కాదనలేకపోయాను. కుట్టాను. ఉండపురుగులు రెండు, ఒక్కోదానికి పద్నాలుగు కాళ్ళు, ఆయన కుట్టినట్టే కుంటేలా. త్సుగుమి అవి చూసింది. తన పాత సంచిని మడత పెట్టకుండా, కొత్త సంచిలో పెట్టుకుంది. ముప్ఫై బై నలభైది ముప్ఫైరెండు బై నలభైరెండులో చక్కగా పట్టింది. పెంచిన ఆ రెండు సెంటీమీటర్ల వల్ల జరిగిన మేలు ఇప్పటిదాకా ఇదొక్కటే.

అలవాటు ప్రకారం పార్సిల్‌లో బ్యాండేజీ పెట్టబోయాను. కోహెయ్ గారు దాన్ని తీసుకుని, నా చెయ్యి పట్టుకుని, నా వేలికే చుట్టారు. ఆ కుంటి కాళ్ళు కుడుతుంటే నిజంగానే గుచ్చుకుంది లెండి. ఇన్నేళ్ళ దర్జీపనిలో ఇదే మొదటిసారి.